ఇరవయ్యో ఆట

మూడు వారాలుగా అతను ఒళ్ళు వేడి చేసుకుంటూనే ఉన్నాడు. పొయ్యి రాజుకుంటోంది గానీ దాని మీద గిన్నె పెట్టే నాథుడే లేడు.

ఆట సగం దాటాక కోచ్ వెనక్కి తిరిగి బెంచీ వైపు వేలు ఊపుతాడు. ఇతను లేస్తాడు. మైదానం గీత పక్కనే మోకాళ్ళు ఛాతీదాకా ఎత్తుతూ పది అంగలు, మడమలు పిరుదులకు కొట్టుకునేలా పది అంగలు, పక్కవాటుగా పది, వెనక్కి పది. తొడ వెనక పట్టేయకుండా కాలు చాపి, వంగి బొటనవేలు పట్టుకుని ముప్ఫై లెక్కపెడతాడు. పావుగంటకి నుదుట చెమట పడుతుంది. సరిగ్గా అప్పుడు కోచ్ ఇంకెవరినో లోపలికి తోలతాడు. ఇతను వచ్చి కూర్చుంటాడు. చెమట ఆరి వీపు చల్లబడేసరికి మళ్ళీ వేలు ఊగుతుంది. గ్యాలరీలో ఉన్నవాళ్ళకి ఆట కంటే ఇదే వేడుకైంది. "తాత లేచాడ్రోయ్!" అని ఒకడంటే, "కూర్చుంటాడ్లే, తొందరేముంది!" అని ఇంకొకడు.

ముప్ఫై అయిదేళ్ళకే తాత. ఫుట్‌బాల్‌లో ఫార్వర్డుకి ఆ వయసు అలాంటిది. అయిదు దేశాలు, పదకొండు క్లబ్బులు తిరిగిన మనిషి. ఏ ఊళ్ళో దిగినా ముందు గోలుపోస్టులు ఎటున్నాయో చూసుకుంటాడు, తర్వాతే ఇల్లు ఎటుందో అడుగుతాడని ఇంట్లో వాళ్ళ ఫిర్యాదు.

బుధవారం పొద్దున ప్రాక్టీసులో రిజర్వు ఆటగాళ్ళ పసుపు పైచొక్కా ఇచ్చారు. అది వేసుకునే అసలు జట్టు మీద రెండు గోల్స్ కొట్టాడు. పరిగెత్తి కొట్టినవి కావు. డిఫెండరు భుజం వెనకాల, వాడి కంటికి బంతీ ఇతనూ ఒకేసారి ఆనని చోట నిలబడటం, బంతి లేచేముందు ఒక అడుగు వెనక్కి, లేచాక రెండడుగులు ముందుకి. అంతే. ఈ వయసులో ఇతను కాళ్ళతో కంటే మెడతోనే ఎక్కువ ఆడతాడు. తల అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉంటాడు, కోళ్ళ గంపకి కాపలా ఉన్నవాడిలా.

"అదీ! అదీ చూసి నేర్చుకోండ్రా!" అని కోచ్ చప్పట్లు కొట్టాడు. కొట్టి, శనివారం ఆడబోయే పదకొండుమందిని పిలిచి వరసలో నిలబెట్టాడు. వరసలో ఇతను లేడు.

బూట్లు కడిగే కొళాయి దగ్గర కోచ్‌ని పట్టుకున్నాడు. ఇద్దరూ ఈడువాళ్ళే. ఒకప్పుడు ఎదురెదురుగా ఆడినవాళ్ళు. పదిమందిలో 'కోచ్‌గారూ' అంటాడు గానీ, చాటున ఏకవచనమే.

"నాలో లోపమేంటో నోరారా చెప్పవయ్యా. బొజ్జ పెరిగిందా? కుంటుతున్నానా? కళ్ళు కనిపించటం లేదా?"

"లోపమేం లేదు. వ్యూహం."

"మూడు వారాల కిందట లేని వ్యూహం ఇప్పుడెక్కణ్ణించి ఊడిపడింది?"

"ఆటన్నాక మారుతుంటుంది."

"ఆట మారలేదు. నువ్వే నా మొహం చూడ్డం మానేశావు. చూడు. ఇటు చూసి చెప్పు."

కోచ్ బూటు అడుగున మేకుల మధ్య ఇరుక్కున్న మట్టిని పుల్లతో గెలుకుతున్నాడు. మట్టంతా రాలిపోయినా గెలుకుతూనే ఉన్నాడు. చివరికి కొళాయి కట్టేసి, "ఏదైనా ఉంటే పైన అడుగు," అని లోపలికి వెళ్ళిపోయాడు.

*

ఇంటికొచ్చి సంచీ విసిరేసిన చప్పుడుకే భార్యకి సంగతి అర్థమైంది. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, "ఇవాళా వ్యూహమేనా?" అంది.

"వ్యూహమే."

"దెబ్బ తగల్లేదు. గోల్స్ వెయ్యక కాదు. ఎవరితోనూ తగువు లేదు. ఉన్నట్టుండి మూడు ఆటల నుంచి మీరు చేదైపోయారు. నాకేదో తేడాగా ఉంది." అని బీరువా పైనుంచి అట్టపెట్టె దించింది. పాస్‌పోర్టులూ, టీకాల కార్డులూ, పదకొండు క్లబ్బుల ఒప్పందాలూ అన్నీ అందులోనే. ఈ ఊరిది పైనే ఉంది. మంచం మీద కాగితాలు పరిచి, వేలు పెట్టి ఒక్కో వరసా చదువుకుంటూ పోయింది. అతను గోడకి చేరగిలబడి మోకాలికి ఐసుముక్కల సంచీ ఆనించుకున్నాడు.

"ఇదిగో, ఏడో పేజీ. 'సీజన్‌లో ఇరవై లీగు ఆటల్లో మైదానంలో దిగిన పక్షంలో ఈ ఒప్పందం మరొక ఏడాది దానంతటదే కొనసాగును.' ఇప్పటికి ఎన్ని ఆడారు?"

"పందొమ్మిది."

"మూడు వారాల కిందటికి?"

అతను ఐసు సంచీ పక్కన పెట్టాడు. "పందొమ్మిది."

"ఇంకా వ్యూహమంటారేంటి, చోద్యం కాకపోతే! ఇంకొక్కసారి గీత దాటారంటే ఏడాదిపాటు మిమ్మల్ని మొయ్యాలి. అందుకే గీత ఇవతల గంతులేయిస్తున్నారు."

గోలు ముందు ఆరుగురు నిలబడినా వాళ్ళ కాళ్ళ మధ్య జానెడు సందు కనిపెట్టే మనిషికి, తన చేత్తో సంతకం పెట్టిన ఏడో పేజీ కనిపించలేదు. చెవులు వేడెక్కాయి. ఎవరి మీదో విసుక్కోవాలనిపించి, ఎవరూ దొరక్క, ఐసు సంచీని ఒక్క గుద్దు గుద్దాడు. అది పగిలి మంచమంతా తడిసింది.

"బాగుంది," అంది ఆవిడ ఒప్పందం కాగితాలు పైకెత్తి పట్టుకుని. "ఇది తడవలేదు, సంతోషించండి."

అదే సమయానికి కూతురు గుమ్మంలో నిలబడింది. చేతిలో బడివాళ్ళిచ్చిన ఫారం. పదిహేనేళ్ళది. వచ్చే ఏడు హైస్కూలు ఆఖరి తరగతి.

"సోమవారంలోగా ఇవ్వాలి. ఉండేవాళ్ళు దీని మీద సంతకం పెట్టించాలి. పోయేవాళ్ళు టీసీకి రాసుకోవాలి. మనం ఏంటి?"

మనం ఏంటని ఆ పిల్ల ఇప్పటికి ఎన్నిసార్లు అడిగిందో! ప్రతిసారీ తండ్రి తల్లి వైపు, తల్లి తండ్రి వైపు చూడటం దానికి అలవాటే. ఈసారి అది ఎవరి మొహమూ చూడకుండా తడిసిన దుప్పటి మీద చూపు నిలిపింది.

"ఏడు బళ్ళలో మొదటిరోజు లేచి నిలబడి పేరు చెప్పాను నాన్నా. ఎనిమిదోసారి చెప్పను. కావాలంటే మెళ్ళో బోర్డు కట్టి పంపండి. త్రికోణమితి మూడు బళ్ళలో మూడుసార్లు మొదట్నించీ చెప్పారు. చరిత్రలో ఒక యుద్ధం నేను ఆరో క్లాసులో ఉండగా మొదలైంది, అది ఎవరు గెలిచారో ఇప్పటికీ నాకు తెలీదు."

అతనికి నవ్వొచ్చింది. నవ్వబోయి దాని గడ్డం వణకటం చూశాడు.

"సోమవారం కదా. చూద్దాం," అన్నాడు.

"చూద్దాం అంటే టీసీయే," అంది కూతురు.

*

గురువారం క్లబ్బు కార్యదర్శి గదిలో అద్దాల బీరువా నిండా కప్పులు. ఒక్కదాని మీదా దుమ్ము లేదు. కార్యదర్శి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, కుర్చీ చూపించి, టీ చెప్పి, మోకాలి క్షేమం కనుక్కుని, పిల్ల చదువు అడిగి, అప్పటికి గాని విషయంలోకి రాలేదు.

"జట్టు ఎంపికలో మేం వేలు పెట్టమండీ. అది పూర్తిగా కోచ్‌గారి ఇష్టం."

"కోచ్‌గారు పైకి చూపిస్తున్నారు, మీరు కిందికి చూపిస్తున్నారు. నన్ను మధ్యలో మెట్ల మీద కూర్చోమంటారా సార్?"

కార్యదర్శి హాయిగా నవ్వాడు. "మీతో మాట్లాడితే పొద్దే తెలీదండీ."

"నాకు బాగా తెలుస్తోంది సార్. బెంచీ మీద తొంభై నిమిషాలు చాలా పొడుగు. ఏడో పేజీ గురించి మాట్లాడుకుందామా?"

నవ్వు ఆగలేదు గానీ కళ్ళ దగ్గర కొంచెం సన్నబడింది. సొరుగు లాగి ఒక కాగితం తీశాడు. అది ముందే టైపు చేసి ఉంది.

"దాపరికం ఎందుకు, మీరు తెలిసినవారు. వచ్చే ఏడాదికి క్లబ్బుకి కుర్రవాళ్ళు కావాలి. ఆ ఏడో పేజీ హక్కు వదులుకుంటున్నట్టు ఇందులో ఒక సంతకం పెట్టండి. శనివారం మొదటి నిమిషం నుంచి మీరే ఆడండి. ఆట అయ్యాక మైకులో నాలుగు మంచి మాటలు, ఒక షీల్డు. గౌరవంగా ఉంటుంది."

"షీల్డులు తొమ్మిదున్నాయి సార్. గాలికి తలుపులు కొట్టుకోకుండా అడ్డం పెడుతుంటాం."

అన్నాడే గానీ చెయ్యి పెన్ను మీదకి పోయింది. మొదటి నిమిషం నుంచి. పచ్చిక తడిమీద మేకులు దిగబడే ఆ మొదటి అడుగు. మూడు వారాలుగా కాళ్ళు దానికోసమే తీపులు తీస్తున్నాయి. ఇదే ఆఖరిదైతే, కూర్చుని పోవటం కంటే ఆడి పోవటం నయం కాదూ? కాగితం దగ్గరికి లాక్కున్నాడు. 'నేను స్వచ్ఛందంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా' అని మొదలవుతోంది. అక్కడే ఆగిపోయాడు. పెన్ను మూత పెట్టి, కాగితానికి సమానంగా, చాలా పొందికగా బల్ల మీద పెట్టాడు.

"పెట్టకపోతే?"

"బెంచీ మీద కూర్చోవటం కూడా ఆటలో భాగమే కదండీ," అన్నాడు కార్యదర్శి. "టీ తాగండి, చల్లారిపోతోంది."

టీ తాగకుండానే లేచాడు. మెట్లు దిగుతుంటే కోపం కంటే విసుగు ఎక్కువైంది. తిట్టినా బాగుండేది. ఎవడూ తిట్టడు. అందరూ 'అండీ' అంటూనే అడుగున కుర్చీ లాగుతారు.

శుక్రవారం గోడకి జాబితా అంటించారు. అడుగునుంచి రెండో పేరు ఇతనిది. ఇంటికెళ్ళి చెబితే భార్య, "రేపు మేమూ వస్తాం," అంది.

"నేను కూర్చోవటం చూడ్డానికా?"

"కూర్చోబెట్టినవాళ్ళ మొహాలు చూడ్డానికి."

*

శనివారం సీజన్‌లో ఆఖరి ఆట. పేరుకే పోటీ. డ్రా అయితే చాలు, రెండు జట్లూ కింది లీగులోకి పడిపోకుండా గట్టెక్కుతాయి. ఆ సంగతి ఆటగాళ్ళకీ తెలుసు, గ్యాలరీకీ తెలుసు, ఫెన్సింగు పక్కన పల్లీలు అమ్మేవాడికీ తెలుసు. మొదటి గంటలో చెరో గోలు పడింది. ఆ తర్వాత ఎవరికీ ఒళ్ళు వంగలేదు.

అవతలి జట్టు నడుమ రోకలి నిలబడి ఉన్నాడు. డిఫెండరు. అసలు పేరు వాడికీ గుర్తుందో లేదో. కాలు ఎత్తి దించితే దంచినట్టే ఉంటుందని ఆ పేరు. ఇతనికీ వాడికీ తొమ్మిదేళ్ళ వైరం. ఇతని ముణుకుల కింద ఉన్న సొట్టల్లో సగం వాడి చలవే. రెండు దేశాల్లో, మూడు లీగుల్లో ఎదురుపడ్డారు. ఒక్కసారీ పలకరించుకోలేదు. ఇవాళ దంచటానికి ఎవరూ లేక, రోకలి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

కోచ్ వేలు ఇవాళా ఊగింది. మూడుసార్లు లేపాడు, మూడుసార్లు కూర్చోబెట్టాడు. ఆటలో ముగ్గురిని మార్చుకోవచ్చు, ఇద్దరిని అప్పటికే మార్చేశాడు. ఇక బెంచీ మీద మిగిలింది ఇతనూ, రెండో గోల్‌కీపరూ.

ఎనభై నాలుగో నిమిషంలో జట్టు కుర్ర ఫార్వర్డుకి పిక్క పట్టేసింది. ఆట ఆగకుండానే వాడు కుంటుకుంటూ గీత దాటి బయటికొచ్చి కూలబడ్డాడు. "నావల్ల కాదు కోచ్," అన్నాడు పిక్క పిసుక్కుంటూ.

కోచ్ తలెత్తి పైనున్న కుర్చీల వైపు చూశాడు. కార్యదర్శి అడ్డంగా తల ఊపాడు. ఊపి, రెండు చేతులూ ఎత్తి పది వేళ్ళూ విప్పి చూపించాడు. పదిమంది చాలు. చుట్టుపక్కల కుర్చీల్లో వాళ్ళు అది చూసి నవ్వారు.

కోచ్ మెడ మీద నరం పొంగింది.

"పదిమందితో ఆడమంటున్నాడు," అన్నాడు ఎవరితోనూ కాకుండా. "నన్ను. వేళ్ళు చూపించి. ఇంతమందిలో." తుపుక్కున ఉమ్మేశాడు. "లే."

"మళ్ళీ ఒళ్ళు వేడి చేసుకోమంటావా?"

"నోరు మూసుకుని చొక్కా వేసుకో!"

చొక్కా వేసుకునేటప్పుడు చేతులు రెండూ ఒకే కంతలోకి పోయాయి. గీత దగ్గరున్న నాలుగో రిఫరీ ఇతని బూట్ల అడుగులు తడిమి చూసి, నంబరు రాసుకుని, ఆటగాడి మార్పు చూపే పలక పైకెత్తాడు. "బంతి బయటికి పోవాలి. లేదా విజిల్ పడాలి. అప్పటిదాకా గీత తొక్కొద్దు," అన్నాడు.

అది ఇతనికి పదహారేళ్ళుగా తెలిసిన నియమమే. మామూలుగా అయితే అర నిమిషం మాట. ఆటలో బంతి బయటికి పోవటమే తప్ప లోపల ఉండటం ఎంతసేపని?

ఇవాళ బంతి బయటికి పోలేదు.

బంతి ఇతని జట్టు కెప్టెన్ దగ్గరుంది. కెప్టెన్ పక్కవాడికి తోశాడు. పక్కవాడు ఆ పక్కవాడికి. వాడు గోల్‌కీపరుకి, గోల్‌కీపరు మళ్ళీ కెప్టెన్‌కి. అవతలి జట్టు తమ సగంలో చల్లగా నిలబడి చూస్తోంది. ఒక్కడూ మీదకి రాడు. పెళ్ళివారు తాంబూలాలు అందించుకుంటున్నట్టు అందించుకుంటున్నారు.

"బయటికి తన్నరా!" అని అరిచాడు.

కెప్టెన్ అరచెయ్యి చూపించాడు. "ఆగు తాతా. ఇలాగే కానీ."

"ఒక్కసారి! ఊరికే అలా కాలితో తోసెయ్!"

"పదిమందిమున్నాం! త్రో వాళ్ళకిచ్చి కొంప ముంచుకోమంటావా?"

ఏడో పేజీ సంగతి వాడికేం తెలుసు? చెబుదామంటే నలభై గజాల దూరం, మధ్యలో ఇంత గోల. ఎనభై ఆరు. ఎనభై ఎనిమిది. గ్యాలరీ అంతా ఒకటే పాట అందుకుంది, తాత నిలబడ్డాడు, తాత నిలబడ్డాడు అని. ఇతను గీత వెంబడి ఆ చివరికీ ఈ చివరికీ నడిచాడు. గొంతు చించుకున్నాడు. తన జట్టు. తన వాళ్ళు. వీళ్ళలో సగంమందికి బంతి ఎలా ఆపాలో చూపించింది తనే. ఇప్పుడు చూడు ఎంత చక్కగా ఆపుతున్నారో! ఒక్కడి కాలూ తడబడదు.

"తన్నండయ్యా బయటికి! చేతకాకపోతే నేనొచ్చి తన్నుతా!" వెనకనుంచి భార్య గొంతు. తిరిగి చూశాడు. ఆవిడ కుర్చీ ఎక్కి నిలబడింది. పక్కన కూతురు. అరవటం లేదు. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని బంతి ఎటు పోతే అటు తల తిప్పుతోంది.

"ఎన్ని నిమిషాలు కలిపారు?"

"రెండు," అన్నాడు నాలుగో రిఫరీ. కొంచెం జాలిగానే అన్నాడు.

తొంభై దాటింది. ఇతనికి అరవటానికి గొంతు లేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి, గీత వైపు చూస్తూ నిలబడ్డాడు. బొటనవేలుకీ సున్నానికీ మధ్య నాలుగంగుళాలు.

అవతలి సగంలో రోకలి నడుం మీద నుంచి చేతులు తీశాడు. గీత దగ్గర వంగి నిలబడ్డ మనిషిని చూశాడు. పైకెత్తి ఉన్న పలక చూశాడు. పైన కుర్చీల్లో గడియారం చూసుకుంటున్న కార్యదర్శిని చూశాడు. ఒకసారి తల గోక్కున్నాడు. తర్వాత నడవటం మొదలుపెట్టాడు. నాలుగడుగులకి ఆ నడక పరుగైంది.

"ఎక్కడికిరా? ఒరేయ్, నీ చోటు నీకు!" అని వాడి కెప్టెన్ కేకేశాడు. వాడు వినిపించుకోలేదు. సగం గీత దాటాడు. ముసలి మోకాళ్ళతో, భారీగా, నేల అదిరేలా యాభై గజాలు పరిగెత్తి, ఇతని కెప్టెన్ బంతి ఆపుకుని తలెత్తేలోపు ఒక్క జారు జారి, కాళ్ళ మధ్య నుంచి బంతి లాగేశాడు. లాగి ఊరుకోలేదు. లేచాడు. నిమ్మళంగా ఒక అడుగు వెనక్కి వేశాడు. దంచాడు.

బంతి గ్యాలరీ పైకప్పు దాటి, రోడ్డు మీద ఎక్కడో పడింది.

రిఫరీ చేత్తో లోపలికి రమ్మని సైగ చేశాడు. ఇతను గీత దాటాడు.

కొత్త బంతి వచ్చింది. త్రో వేశారు. అది ఇతనికి పదిగజాల అవతల పడింది. పొడుగు విజిల్ మోగింది. ఇరవయ్యో ఆటలో ఇతని కాలికి బంతి తగల్లేదు.

జనం మైదానంలోకి దూకుతున్నారు. రెండు జట్లూ కావలించుకుంటున్నాయి. కోచ్ ఎవరివైపూ చూడకుండా సీసాలు ఏరుతున్నాడు. కమ్మీ దగ్గర కూతురు వాళ్ళమ్మ భుజంలో మొహం దాచుకుంది. భార్య ఒక చేత్తో దాని వీపు నిమురుతూ, రెండో చెయ్యి ఎత్తి ఇతనివైపు ఊపింది. అటు వెళ్ళబోయి ఆగాడు.

రోకలి ఉన్నచోటే పచ్చికలో చతికిలబడి, బూటు విప్పి, చీలమండకి చుట్టిన టేపు విప్పుకుంటున్నాడు. వాడి జట్టువాళ్ళు వాణ్ణి దాటుకుని పోతూ, "మతి పోయిందా నీకు?" అంటున్నారు. ఇతను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. ఏమని మొదలుపెట్టాలో తోచలేదు. తొమ్మిదేళ్ళలో ఇద్దరి మధ్యా ఒక్క మంచిమాట నడిస్తే కదా!

"నీది ఎన్నింటికి?" అన్నాడు రోకలి, తలెత్తకుండానే.

"ఇరవై."

"నాది పాతిక. ఇంకో ఊళ్ళో, రెండేళ్ళ కిందట. ఇరవై నాలుగు దగ్గర పెట్టి, ఇలాగే గీత మీద నిలబెట్టారు. పలక కూడా ఎత్తారు."

"బంతి బయటికి పోయిందా?"

రోకలి గోటితో టేపు చివర కోసం వెతుకుతున్నాడు. వేళ్ళు లావు, దొరకటం లేదు. "పోలేదు," అన్నాడు.

ఇతను మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ కాలు ఎత్తి తొడ మీద పెట్టుకుని, టేపు చివర దొరకబుచ్చుకుని లాగాడు.

"మెల్లగా లాగవయ్యా, వెంట్రుకలు," అన్నాడు రోకలి.